గొంతుకు రంగు అడిగిన కాలం: ‘మెంఫిస్’ మ్యూజికల్, దాని వెనుక రేడియో చరిత్ర

1954 జులైలో ఒక రాత్రి, అమెరికాలోని మెంఫిస్ నగరంలో, డబ్ల్యూహెచ్‌బీక్యూ రేడియో స్టేషన్ డిస్క్ జాకీ డ్యూయీ ఫిలిప్స్ ఒక కొత్త కుర్రవాడి రికార్డు వేశాడు. శ్రోతల ఫోన్లు ఆగలేదు. అదే రికార్డును మళ్లీ మళ్లీ వేసి, ఆ కుర్రవాణ్ణి అప్పటికప్పుడు స్టూడియోకు పిలిపించి మైకు ముందు కూర్చోబెట్టాడు. మాటల మధ్యలో ఏ హైస్కూల్లో చదివావని అడిగాడు. హ్యూమ్స్ హైస్కూల్ అని ఆ కుర్రవాడు, తర్వాత రాక్ అండ్ రోల్ తారగా ఎదిగిన ఎల్విస్ ప్రెస్లీ, జవాబు చెప్పాడు. మెంఫిస్‌లో తెల్లవారి పిల్లలకూ నల్లవారి పిల్లలకూ వేర్వేరు బడులు ఉండేవి కాబట్టి, హ్యూమ్స్ పేరు వినగానే ఊరందరికీ ఒక సంగతి తెలిసిపోయింది: పాడినవాడు తెల్లవాడు. పాట విన్న చాలామంది అప్పటిదాకా నల్లజాతి గాయకుడే అనుకున్నారు. బడుల్లో జాతి విభజన రాజ్యాంగ విరుద్ధమని సుప్రీం కోర్టు తీర్పు చెప్పి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు.

ఈ డ్యూయీ ఫిలిప్స్ జీవితం నుంచి ప్రేరణ పొంది, పేర్లూ సంఘటనలూ స్వేచ్ఛగా మార్చి తయారు చేసిన సంగీత నాటకం ‘మెంఫిస్’. కథ జో డిపియెట్రోది, సంగీతం బాన్ జోవి బృందంలో కీబోర్డు వాయించే డేవిడ్ బ్రయన్‌ది, పాటల సాహిత్యం ఇద్దరిదీ. ఇతర నగరాల వేదికల మీద కొన్నేళ్లు మెరుగులు దిద్దుకున్నాక, 2009 అక్టోబర్‌లో న్యూయార్క్ బ్రాడ్‌వేలోని షుబర్ట్ థియేటర్‌లో ప్రారంభమై 2012 ఆగస్టు దాకా వెయ్యికి పైగా ప్రదర్శనలు పూర్తి చేసుకుంది. 2010లో ఉత్తమ మ్యూజికల్ సహా నాలుగు టోనీ అవార్డులు గెలిచింది. 2014లో లండన్‌కు వెళ్లి అక్కడా ఏడాది పాటు ఆడింది. హ్యూయీ కాల్హూన్ అనే తెల్ల డిస్క్ జాకీగా బ్రాడ్‌వేలో చాడ్ కింబల్, అతడు ప్రేమించిన నల్లజాతి గాయని ఫెలీషియా ఫారెల్‌గా మాంటేగో గ్లోవర్ నటించారు.

నాటకం చెప్పే కథ, చరిత్ర చెప్పే కథ చాలా చోట్ల ఒకటి కావు. ఒక సాహసికుడు అడ్డుగోడను బద్దలు కొట్టాడని నాటకం అంటుంది. రేడియో ఆ గోడను పడగొట్టలేదని, కంటి నుంచి చెవికి కొంతకాలం చోటు మార్చిందని, టెలివిజన్ వచ్చి మళ్లీ కంటి ముందుకే తెచ్చిందని చరిత్ర అంటుంది. అయినా ‘మెంఫిస్’ను కొట్టిపారేయడానికి వీల్లేదు. తన కథానాయకుడి మీద ఎంత మోజు పడినా, ఈ రెండో సంగతిని తన రెండో అంకంలో అది గట్టిగానే పట్టుకుంది.

ముందు రేడియో సంగతి. అమెరికాలో క్రమబద్ధమైన వాణిజ్య ప్రసారం 1920 నవంబర్‌లో పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ స్టేషన్‌తో మొదలైందని చెబుతారు. అదే ఏడాది నల్లజాతి గాయని మేమీ స్మిత్ పాడిన బ్లూస్ (నల్లవారి వేదనా గీతాల) రికార్డు విపరీతంగా అమ్ముడుపోవడంతో, నల్లవారు కూడా రికార్డులు కొంటారన్న సంగతి కంపెనీలకు తెలిసివచ్చింది. వాటికి ‘రేస్ రికార్డ్స్’ అని పేరు పెట్టి, వేరే కేటలాగులో, వేరే పేటల్లోని దుకాణాల్లో అమ్మారు. రేడియోలో మాత్రం ఆ పాటి చోటు కూడా దొరకలేదు. 1920ల చివర జాతీయ ప్రసారాల్లో అత్యంత జనాదరణ పొందిన ధారావాహికల్లో ఒకటైన ‘అమోస్ అండ్ ఆండీ’లో నల్లవారి పాత్రలకు గొంతు ఇచ్చింది ఇద్దరు తెల్ల నటులు. 1929లో షికాగోలో నల్లజాతి అనౌన్సర్ జాక్ కూపర్ నల్లజాతి కళాకారులతోనే ఒక కార్యక్రమం మొదలుపెట్టగలిగాడంటే, అది అతడు చిన్న స్టేషన్‌లో సమయం సంపాదించుకున్న ఫలితం. సంగీత వ్యాపార పత్రిక బిల్‌బోర్డ్ 1949 జూన్‌లో నల్లవారి పాటల జనాదరణ పట్టికకు ‘రేస్’ పేరు తీసేసి ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని పెట్టింది. పేరు మారినా పట్టిక మాత్రం వేరుగానే ఉండిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మార్పు తెచ్చింది ఎవరి మంచితనమూ కాదు, లెక్కల పుస్తకం. ప్రభుత్వం కొత్త స్టేషన్లకు ధారాళంగా లైసెన్సులు ఇచ్చింది. అదే సమయంలో పెద్ద ప్రకటనకర్తలూ, ప్రసిద్ధ నటులూ, వారపు నాటకాలూ టెలివిజన్‌కు తరలిపోవడం మొదలైంది. రేడియోకు మిగిలింది ఖాళీ సమయం, ఒక టర్న్‌టేబుల్, చేతికందిన రికార్డులు. పాటల హక్కుల సంఘం ఆస్కాప్‌కూ రేడియో సంస్థలకూ 1941లో వచ్చిన తగాదా కూడా ఇక్కడ గుర్తుంచుకోవలసిందే. ఆ ఏడాది చాలా నెలల పాటు ఆస్కాప్ పాటలు రేడియోలో వినిపించలేదు. రేడియో సంస్థలే స్థాపించుకున్న బీఎంఐ, ఆస్కాప్ పట్టించుకోని బ్లూస్, పల్లె పాటల రచయితలను చేర్చుకుంది. అమెరికా దక్షిణాది పత్తి పొలాల పాటకు ప్రసారంలో హక్కుల సొమ్ము అందే దారి అలా తెరుచుకుంది.

మెంఫిస్‌లో డబ్ల్యూడీఐఏ కథ ఈ లెక్కల పుస్తకానికి చక్కని ఉదాహరణ. 1947లో జాన్ పెప్పర్, బర్ట్ ఫెర్గూసన్ అనే ఇద్దరు తెల్లవారు పెట్టిన ఈ చిన్న స్టేషన్ పల్లె పాటలూ, తేలికపాటి శాస్త్రీయ సంగీతమూ వేసి చూసి, ఏదీ నిలబడక మూత పడే స్థితికి వచ్చింది. ఊరి జనాభాలో సుమారు నలభై శాతం నల్లవారు. వాళ్ల కోసం ఎవరూ ఏమీ ప్రసారం చేయడం లేదు. 1948 అక్టోబర్ 25 సాయంత్రం బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పే నాట్ డి. విలియమ్స్ బడి ముగించుకుని వచ్చి మైకు ముందు కూర్చున్నాడు. ఎర్ర దీపం వెలగగానే చెప్పాలనుకున్నదంతా మరిచిపోయి పగలబడి నవ్వేశాడు. ఆ నవ్వే తర్వాత ఏళ్ల తరబడి అతడి గుర్తయింది. తెల్ల శ్రోతలు కొందరు ఫోన్ చేసి బెదిరించారు. అయినా ఏడాది తిరిగేసరికి కార్యక్రమాలన్నీ నల్లజాతి శ్రోతల కోసమే నడిపే తొలి అమెరికన్ స్టేషన్‌గా డబ్ల్యూడీఐఏ మారిపోయింది. బ్లూస్ గాయకుడు బీబీ కింగ్ అక్కడే ఒక టానిక్ ప్రకటన పాడుతూ పేరు తెచ్చుకున్నాడు. రూఫస్ థామస్ అక్కడే డిస్క్ జాకీ. విల్లా మన్రో గృహిణుల కోసం కార్యక్రమం నడిపింది. 1954లో స్టేషన్ 730 కిలోహెర్ట్జ్ నుంచి 1070కి, 250 వాట్ల నుంచి 50,000 వాట్లకు పెరిగింది. దేశంలోని నల్లజాతి జనాభాలో దాదాపు పదో వంతుకు దాని ప్రసారం అందేదని చెబుతారు.

ఆ స్టూడియో లోపలి అమరికను కొంచెం దగ్గరగా చూడాలి. మైకు ముందు నల్లవాడు. మధ్యలో అద్దం. అద్దానికి అవతల, కంట్రోల్ బోర్డు దగ్గర, మీట తిప్పేదీ రికార్డు మీద ముల్లు దించేదీ తెల్ల ఉద్యోగి. తొలి రోజుల్లో ఆ బోర్డు తాకే అనుమతి నల్ల అనౌన్సర్లకు లేదు. నాట్ డి. విలియమ్స్ చేత్తో సైగ చేస్తే అవతలి వాడు పాట మొదలుపెట్టాలి. గొంతును గాలిలోకి వదిలారు గానీ యంత్రాన్ని చేతికి ఇవ్వలేదు. జాతి అడ్డంకి ఎలా పనిచేస్తుందో వివరించడానికి ఇంతకంటే స్పష్టమైన దృశ్యం దొరకడం కష్టం. ఇది ‘మెంఫిస్’ నాటకంలో లేకపోవడం పెద్ద లోపం.

న్యూ ఆర్లియన్స్‌లో ఇదే అమరిక ఇంకా వికృతంగా నడిచింది. వెర్నన్ విన్‌స్లో అనే నల్లజాతి ఉపాధ్యాయుడు 1940ల చివర ఒక స్టేషన్‌లో ఉద్యోగం అడిగితే, మైకు ఇవ్వలేమని చెప్పి వేరే పని అప్పగించారు. నల్లవారి పేటల్లో కుర్రాళ్లు ఎలా మాట్లాడతారో ఆ యాసలో స్క్రిప్టు రాయాలి, ‘పాపా స్టాపా’ అనే పాత్ర పేరుతో దాన్ని చదివే తెల్ల అనౌన్సర్‌కు ఉచ్చారణ నేర్పాలి. ఒక రాత్రి అనౌన్సర్ లేని సమయంలో విన్‌స్లో తానే మైకు ముందు మాట్లాడితే ఉద్యోగం ఊడింది. తర్వాత ఒక బీరు కంపెనీ అతణ్ణి ‘డాక్టర్ డాడీ ఓ’ పేరుతో వేరే స్టేషన్‌కు తెచ్చింది. నాష్‌విల్‌లోని డబ్ల్యూఎల్ఏసీలో జాన్ రిచ్‌బర్గ్ లాంటి తెల్ల డిస్క్ జాకీలు రాత్రిళ్లు రిథమ్ అండ్ బ్లూస్ వేస్తూ మాట్లాడే తీరు విని, వాళ్లు నల్లవాళ్లేనని ఎంతోమంది శ్రోతలు నమ్మారు. అవతలి వైపు గొంతు అరువు తెచ్చుకోవడానికి తెల్లవాడికి అడ్డు లేదు. తన సొంత గొంతుతో మాట్లాడటానికి నల్లవాడికి అడ్డు ఉంది.

డబ్ల్యూఎల్ఏసీ అంత దూరం వినిపించడానికి భౌతికశాస్త్ర కారణం ఉంది. మీడియం వేవ్ తరంగాలను పగటిపూట వాతావరణపు పై పొరల్లో ఒకటి పీల్చేసుకుంటుంది. సూర్యుడు అస్తమించాక ఆ పొర బలహీనపడి, దానికి పైనున్న పొరలు తరంగాలను అద్దంలా నేలకు తిప్పి పంపుతాయి. దాంతో 50,000 వాట్ల స్టేషన్ రాత్రికి వందల మైళ్ల దూరాన పల్లెల్లోనూ పలుకుతుంది. ఊరి మధ్య రైలు పట్టాలకు అటు నల్లవారు, ఇటు తెల్లవారు అని గీత గీయవచ్చు. తెల్లపేటలో పదిహేనేళ్ల పిల్లవాడు దుప్పటి కింద పెట్టుకుని వినే రేడియో సెట్టులోకి తరంగం రాకుండా ఏ మునిసిపాలిటీ గీత గీయగలదు? దక్షిణాది జాతి విభజన చట్టాలన్నీ మనిషి శరీరం ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ నీళ్లు తాగాలి, ఏ తలుపులోంచి రావాలి అని శాసించినవే. చెవి ఏది వినాలో శాసించడం వాటి చేతిలో లేకపోయింది.

డ్యూయీ ఫిలిప్స్ ఈ ఖాళీలోకి వచ్చాడు. డబ్ల్యూ.టి. గ్రాంట్ దుకాణంలో రికార్డుల విభాగంలో పనిచేస్తూ, 1949లో డబ్ల్యూహెచ్‌బీక్యూలో రాత్రి కార్యక్రమం సంపాదించాడు. మాట తడబడుతుంది, రికార్డు సరిగా పెట్టలేడు, ప్రకటనను తనకు తోచినట్టు మార్చి చదువుతాడు. కానీ బ్లూస్, గాస్పెల్ అనే చర్చి పాట, పల్లె పాట అన్న తేడా లేకుండా తనకు నచ్చినదల్లా వేశాడు. ఊరి రెండు వైపులా అతణ్ణి విన్నారు. నాటకంలో హ్యూయీ కూడా ఇదే దారిలో వస్తాడు. నల్లవారి సంగీతానికి నిలయమైన బీల్ స్ట్రీట్‌లోని నేలమాళిగ క్లబ్బులోకి అడుగుపెట్టి, తనను చూసి లేచిపోతున్న నల్లవారిని ఉండమని బతిమాలుకుంటాడు. తర్వాత దుకాణంలో ఆ పాటలే వేసి రికార్డులు అమ్మి, యజమాని చెవిన పడగానే ఉద్యోగం పోగొట్టుకుంటాడు. ఆపైన రేడియో స్టేషన్‌లో అదను చూసి నల్లజాతి పాట వేసేస్తాడు. యజమాని మండిపడేలోగా కుర్రకారు ఫోన్లు మొదలవుతాయి. ఫోన్లు ప్రకటనలు తెస్తాయి. ప్రకటనలు వచ్చాక యజమాని మనసు మారుతుంది. హాస్యంగా నడిచినా ఈ భాగంలో ఆర్థిక తర్కం నిజాయతీగా ఉంది.

డయల్ గురించిన మాట కూడా నాటకంలో అర్థవంతంగా వస్తుంది. నల్లవారి పాటలు వేసే చిన్న స్టేషన్లు డయల్ అంచున ఉంటాయి. పెద్ద స్టేషన్లు మధ్యలో ఉంటాయి. ఫెలీషియా పాటను అంచు నుంచి మధ్యకు తేవాలన్నది హ్యూయీ పంతం. అతణ్ణి అందరికంటే ముందు అనుమానించేవాడు క్లబ్బు నడిపే ఆమె అన్న డెల్‌రే. మా పాటను నువ్వు తీసుకుపోవడం మాకు కొత్త కాదన్నట్టు అతడు మాట్లాడే ప్రతిసారీ నాటకానికి ప్రాణం వస్తుంది, ఎందుకంటే ఆ అనుమానానికి ఆధారాలు బయట లెక్కలేనన్ని ఉన్నాయి. 1955లో ఫ్యాట్స్ డొమినో పాటను ప్యాట్ బూన్ అనే తెల్ల గాయకుడు తిరిగి పాడితే, మూలం పదో స్థానం దగ్గర ఆగిపోగా నకలు మొదటి స్థానానికి వెళ్లింది. ఆ నకలు విడుదల చేసిన డాట్ రికార్డ్స్ యజమాని రాండీ వుడ్. పోస్టులో రికార్డులు అమ్మే ఇతడి దుకాణమే డబ్ల్యూఎల్ఏసీ రాత్రి కార్యక్రమానికి ప్రకటనకర్త. అంటే రాత్రి నల్లవారి అసలు పాటను అమ్మినవాడే, పగలు దాని తెల్ల నకలును దేశమంతా అమ్మాడు. ఒకే మనిషి దగ్గర అడ్డంకి తొలగడమూ, అడ్డంకి నుంచి లాభం పొందడమూ కలిసి ఉండగలవని చెప్పే ఈ ఉదాహరణ ముందు హ్యూయీ పాత్ర మరీ సూటిగా, మరీ అమాయకంగా కనిపిస్తుంది.

మొదటి అంకం చివర హ్యూయీ, ఫెలీషియా వీధిలో ముద్దు పెట్టుకుంటుండగా చూసిన తెల్లవాళ్లు దాడి చేస్తారు. దెబ్బలు ఎక్కువగా తిన్నది ఫెలీషియా. ఈ సంఘటన తర్వాత, చిన్నతనంలో తండ్రిని గుంపు ఉరితీయడం చూసి మాట పడిపోయిన గేటర్ అనే క్లబ్బు ఉద్యోగి గొంతు విప్పి ప్రార్థన పాడతాడు. రంగస్థలం మీద ఇది బలమైన ఘట్టం, మితిమీరిన నాటకీయత అని తోసిపుచ్చలేం. ఒక నల్లజాతి స్త్రీ, తెల్ల పురుషుడు వివాహమాడటం మెంఫిస్ ఉన్న టెనెసీ రాష్ట్రంలో అప్పట్లో నేరం. ఆ చట్టాలు దేశమంతటా చెల్లకుండా పోయింది 1967 జూన్‌లో. పాట గాలిలో గీత దాటగలిగినా, పాడిన మనిషి కాలిబాట మీద దాటలేదు.

రెండో అంకంలో కథ రేడియో నుంచి టెలివిజన్‌కు మారుతుంది. హ్యూయీ స్థానిక టీవీలో నల్లజాతి నర్తకులతో కార్యక్రమం నడుపుతాడు. జాతీయ ప్రసారానికి అవకాశం వచ్చినప్పుడు నర్తకులు తెల్లవారై ఉండాలన్న షరతు పడుతుంది. ఒప్పుకోడు. ఫెలీషియాను కెమెరా ముందే ముద్దు పెట్టుకుని అంతా పోగొట్టుకుంటాడు. ఆమె మెంఫిస్ వదిలి న్యూయార్క్ వెళ్లి గాయనిగా నిలబడుతుంది. నిజ జీవితంలో డ్యూయీ ఫిలిప్స్‌కు ఇలాంటి వీరోచిత పతనం జరగలేదు. స్టేషన్ లెక్కగట్టిన జాబితా ప్రకారం పాటలు వేసే టాప్ 40 పద్ధతికి మారడం, అతడి అదుపులేని తీరు, రెండూ కలిసి 1958లో అతడి ఉద్యోగం తీశాయి. 1968లో 42 ఏళ్లకే చనిపోయాడు.

అయితే నాటక రచయిత ఈ ఘట్టాన్ని గాలిలోంచి తీయలేదనే చెప్పాలి. 1957లో తెల్ల డిస్క్ జాకీ అలన్ ఫ్రీడ్ నడిపిన ఏబీసీ టీవీ కార్యక్రమంలో నల్లజాతి బాల గాయకుడు ఫ్రాంకీ లైమన్ ఒక తెల్ల అమ్మాయితో నాట్యం చేస్తూ తెర మీద కనిపించాడు. దక్షిణాది స్టేషన్లు గగ్గోలు పెట్టాయి. కార్యక్రమం ఎంతో కాలం నిలవలేదు. ఇదే ఫ్రీడ్ క్లీవ్‌ల్యాండ్ రేడియోలో నల్లజాతి పాటలు ఏళ్ల తరబడి వేశాడు, ఆ గొంతులను లక్షలమంది తెల్ల పిల్లలు విన్నారు. నల్లజాతి గాయకుడు నాట్ కింగ్ కోల్ సంగతీ అంతే. 1956 నవంబర్‌లో మొదలైన అతడి టీవీ కార్యక్రమానికి దేశమంతా వీక్షకులు ఉన్నా, ప్రకటన ఇచ్చే జాతీయ కంపెనీ ఒక్కటీ స్థిరంగా నిలబడక 1957 డిసెంబర్‌లో ముగిసిపోయింది. దానికి ముందు 1956 ఏప్రిల్‌లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో తెల్లవారి సభలో పాడుతుండగానే వేదిక మీదకు ఎక్కి అతడి మీద దాడి చేశారు. గొంతు ఇష్టమే, గొంతు వెనుక మనిషి కనిపించడమే అభ్యంతరం. ‘మెంఫిస్’ రెండో అంకం అన్నిటికంటే లోతుగా పట్టుకున్నది ఇదే. ప్రేమకథగా కాకుండా సాంకేతిక మాధ్యమాల కథగా చూస్తే ఈ నాటకం ఇంకా బాగా అర్థమవుతుంది.

రంగస్థలానికి ఈ విషయంలో ఒక ప్రత్యేక బలం ఉంది. రేడియో దాచిన శరీరాన్ని అది ప్రేక్షకుడి ఎదుట నిలబెడుతుంది. పాడే గొంతు, పాడే మనిషి, ఆ మనిషిని చూసి ముఖం చిట్లించే ఇంకొకరు ఒకే క్షణంలో ఒకే చోట ఉంటారు. 1947లో మెంఫిస్ సెన్సార్ బోర్డు అధ్యక్షుడు లాయిడ్ బిన్‌ఫర్డ్, నల్లజాతి నటులు ఉన్నారన్న కారణంతో ఒక ప్రసిద్ధ బ్రాడ్‌వే మ్యూజికల్‌ను ఆ ఊళ్లో ఆడనివ్వలేదు. ఆ మరుసటి ఏడాదే అదే ఊళ్లో నాట్ డి. విలియమ్స్ గొంతు రేడియోలో వినిపించింది. వేదిక మీద పట్టని మనిషి గాలిలో పట్టాడు. అలాంటి ఊరి పేరునే శీర్షికగా పెట్టుకున్న నాటకంలో నల్లవారూ తెల్లవారూ కలిసి నాట్యం చేయడం, చరిత్ర తెలిసిన ప్రేక్షకుడికి చిన్న విషయం కాదు.

సంగీతం విషయంలో మాత్రం నాటకం సురక్షితమైన దారి పట్టింది. ఆనాటి నిజమైన పాటలు వాడలేదు. గాస్పెల్, బ్లూస్, తొలి రాక్ అండ్ రోల్ ధోరణుల్లో డేవిడ్ బ్రయన్ కొత్త పాటలు కట్టాడు. మాంటేగో గ్లోవర్ లాంటి గొంతులు వాటిని ఎంతో ఎత్తుకు తీసుకువెళ్లాయి, కథకు తగ్గట్టు పాటలు ఒదిగాయి. నష్టం వేరే చోట ఉంది. ఇద్దరు తెల్ల రచయితలు కల్పించిన పాటలే నల్లవారి సంగీతానికి ప్రతినిధులు కావడంతో, ఆ నగరంలో ఆ సంగీతాన్ని నిజంగా పుట్టించినవారి పేరు ప్రేక్షకుడి చెవిన పడకుండానే నాటకం ముగుస్తుంది. డెల్‌రే వేసే ప్రశ్న నాటకానికే తగులుతుంది. రచయితలు దాన్ని గమనించారో లేదో గానీ, ఆ ప్రశ్నను అతడి నోట పెట్టినంత వరకూ వాళ్లను మెచ్చుకోవాలి.

ముగింపులో, శ్రోతలు దాదాపు లేని చిన్న స్టేషన్‌లో మిగిలిన హ్యూయీని వెతుక్కుంటూ ఫెలీషియా వస్తుంది. తన కచేరీ వేదిక మీదకు పిలిచి అతడితో పాడిస్తుంది. ప్రేక్షకులను లేపి నిలబెట్టే ముగింపే గానీ, ఎవరి కథ ఎవరి కోసం ముగిసిందన్న ప్రశ్న మిగులుతుంది. ఎల్లలు దాటి ఎదిగింది ఫెలీషియా. చివరి పాట మాత్రం హ్యూయీకి ఓదార్పు. అదే కాలంలో మెంఫిస్‌లో ఇంకో ముగింపు జరుగుతూ ఉంది. 1956 డిసెంబర్‌లో ఎల్లిస్ ఆడిటోరియంలో డబ్ల్యూడీఐఏ ఏటా జరిపే ధర్మ ప్రదర్శనకు ఎల్విస్ వచ్చి తెర చాటున నిలబడి బీబీ కింగ్ తదితరుల పాటలు విన్నాడు. రూఫస్ థామస్ అతణ్ణి క్షణకాలం వేదిక మీదకు తీసుకురాగానే నల్లజాతి ఆడపిల్లలు కేకలు పెడుతూ ముందుకు పరుగెత్తారు. నాట్ డి. విలియమ్స్ తన పత్రికా శీర్షికలో ఆ దృశ్యం గురించి రాసి, ఆలోచించవలసిన ప్రశ్నలు లేవనెత్తాడు. 1957లో డబ్ల్యూడీఐఏ చేతులు మారింది, కొన్నవారూ తెల్లవారే. ఆ స్టేషన్‌కు నల్లజాతి మేనేజర్ రావడానికి 1970ల దాకా ఆగవలసి వచ్చింది. అద్దానికి ఇవతల కూర్చుని సైగతో పాట నడిపించిన ఆ చరిత్ర ఉపాధ్యాయుడి కథకు ఒక మ్యూజికల్‌ను నిలబెట్టేంత నాటకీయత ఉంది. అందులో కథానాయకుడిని వెతుక్కోవలసిన పని కూడా ఉండదు.